ఆ రెండేళ్లు రెజ్యూమెలోంచి ఎలా పోయాయి?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడ ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో మేనేజర్. పదిహేనేళ్ల అనుభవం ఉంది. పేద ఇళ్ల నుంచి వచ్చి, కుటుంబంలో మొదటిసారి డిగ్రీ దాకా చదివి, ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో చెప్పే దిక్కులేని పిల్లలకు ఉద్యోగస్తులను మెంటర్లుగా జతచేసే స్వచ్ఛంద సంస్థ ఒకటుంది. ఆవిడ రెండేళ్లుగా అందులో పనిచేస్తున్నారు. ఏడు నెలల కిందట ఆవిడకు ఇరవై మూడేళ్ల అమ్మాయిని అప్పగించారు. కామర్స్ డిగ్రీ. చదువుతుండగానే తండ్రి పోయాడు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక బట్టల షాపులో క్యాష్ కౌంటర్‌లో పనిచేసి, ఆఫీసు ఉద్యోగం కోసం అది మానేసింది.

ప్రతి శనివారం పదకొండింటికి గంటసేపు వీడియో కాల్. అమ్మాయి మాత్రం తన వైపు వీడియో ఎప్పుడూ ఆపేసే ఉంచేది. రెజ్యూమె మెంటరే రాసిచ్చారు. ఒక పేజీ దాటకూడదని, ఆఫీసు ఉద్యోగానికి షాపు పని దేనికిలే అని ఆ రెండేళ్ల పని తీసేశారు. ఫోన్‌లో డేటా అయిపోతే రీఛార్జ్ చేయించారు, ఇంటర్వ్యూకి మంచి బట్టలు కొనిచ్చారు. ఆరు ఇంటర్వ్యూలు జరిగాయి, ఒక్కటీ రాలేదు. నాలుగింట్లో “డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఏం చేశావు?” అని అడిగారు, అమ్మాయి తడబడింది.

నెల కిందట ఆ అమ్మాయి ఫోన్ చేసింది. డబ్బిస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఉన్నారట, “పెట్టుకోమంటారా మేడమ్?” అని అడిగింది. ఈవిడకు ఒళ్లు మండి “ఆరు నెలలు నీకోసం పడ్డ కష్టం ఇందుకేనా? అబద్ధాలాడేవాళ్లతో నాకు పని లేదు” అనేశారు. ఆ రోజు నుంచి అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు. సంస్థ కోఆర్డినేటర్ “వదిలేయండి, ఇంకొకరిని ఇస్తాం” అంటున్నారు. ఈలోగా పాఠకురాలి విభాగంలోనే అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. దరఖాస్తుకు నెలాఖరు దాకా గడువుంది. అమ్మాయి మూడు నెలల కిందటే “మీ ఆఫీసులో ఏదైనా ఉంటే చెప్పండి మేడమ్” అంటే ఈవిడ “చూద్దాంలే” అని దాటేశారు.

“ఆమె వెంట పడాలా, వదిలేయాలా? రెఫర్ చేయకపోవడం నా స్వార్థమా? అసలు ఈ పని నాకు చేతనవుతుందా?” అని ఉత్తరం ముగించారు.

ఇక మీతోనే మాట్లాడతాను.

మీ ఉత్తరంలో సర్టిఫికెట్ గొడవకు రెండు పేజీలున్నాయి. మూడో పేజీ అడుగున, ఆ అమ్మాయి ఒకసారి మాటల మధ్య చెప్పిందంటూ మీరు రెండే రెండు వాక్యాలు రాసి ముందుకెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. షాపు మూసే వేళకు గల్లా లెక్క తేలాలి. ఒక రాత్రి బిల్లుల ప్రకారం ఉండాల్సినదాని కన్నా గల్లాలో డబ్బు ఎక్కువ ఉంది. మిగతావాళ్లు ఇంటికెళ్లిపోయారు. ఈ అమ్మాయి ఆ రోజు చివరి బిల్లు నుంచి ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ వచ్చి, ఎవరో తిరిగి ఇచ్చేసిన చొక్కాకు డబ్బు వాపసు ఇచ్చినట్టు పొరపాటున రెండుసార్లు నమోదైందని పట్టుకుంది.

పదిహేనేళ్లుగా అకౌంట్స్‌లో ఉన్న మీకు నేను చెప్పాలా? తగ్గిన డబ్బు కోసం అందరూ వెతుకుతారు, ఎందుకంటే అది తమ జీతంలోంచి పోతుంది. ఎక్కువ తేలిన డబ్బు గురించి అడిగేవాళ్లుండరు. జేబులో వేసుకున్నా తెలిసేది కాదు. దాని మూలం ఎక్కడుందో తేల్చందే ఇంటికెళ్లని పిల్ల ఆమె. మీ విభాగంలో దీన్నే రీకన్సిలియేషన్ అంటారు, అది చేయడానికి మనుషులను పెట్టుకుంటారు. అలాంటి పిల్లను మీరు అబద్ధాలాడేదానివన్నారు.

ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. అయితే ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. రెజ్యూమెలో ఆ రెండేళ్ల ఖాళీని ఆ అమ్మాయి తెచ్చుకోలేదు. మీరిద్దరూ కలిసి, మీ సలహా మీద, చేతులారా చేశారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ ఆ రోజు ఆమెకు అర్థమైంది ఒక్కటే: నేను చేసిన పని చెప్పుకునే పని కాదు. పెద్ద ఉద్యోగంలో ఉన్న మేడమే తీసేశారంటే అది నిజమే అనుకుంటుంది కదా. తర్వాత నాలుగుచోట్ల ఆ ఖాళీ గురించి అడిగారు. చెప్పుకోకూడదని నేర్చుకున్న విషయాన్ని అప్పటికప్పుడు ఎలా చెబుతుంది? తడబడింది. నాలుగుసార్లు తడబడ్డాక ఆ ఖాళీని ఏదో ఒకదానితో పూడ్చాలనిపించింది. నిజమైనది పనికిరాదని ముందే తేలిపోయింది కాబట్టి దొంగది దొరుకుతుందేమో చూసింది. అయినా పెట్టుకోలేదు, ముందు మిమ్మల్ని అడిగింది. మోసం చేయాలనుకున్న మనిషి మెంటర్‌కి ఫోన్ చేసి అనుమతి అడగదు.

ఆమె ఇప్పుడు ఫోన్ ఎత్తకపోవడం పొగరు వల్లనో, కృతజ్ఞత లేకనో అని మీరు బాధపడుతున్నారు. నాకలా అనిపించడం లేదు. ముఖం చెల్లక ఎత్తడం లేదు. బట్టలు మీరు కొన్నారు, రీఛార్జ్ మీరు చేశారు, రెజ్యూమె మీరు రాశారు, ఆరుసార్లూ ఆమె ఫెయిలైంది. ఇంత తీసుకున్న మనిషి దగ్గర నోరు పెగలదు. మీరు చేసినవి తప్పని కాదు. చేసే సాయానికి కూడా బరువుంటుంది, అది ఎంతుందో తీసుకునేవాళ్లకే తెలుస్తుంది.

వీడియో ఆపేసి ఉంచడం గురించి కూడా మీరు నొచ్చుకున్నట్టు రాశారు. కొన్నేళ్ల కిందట నేనూ ఒక కుర్రాడికి ఇలాగే వారం వారం పాఠాలు చెప్పేవాణ్ని. అతనూ వీడియో పెట్టేవాడు కాదు, వెనక ఎప్పుడూ ఏవో అడుగుల చప్పుడు. శ్రద్ధ లేదనుకుని రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఐదో నెలలో తెలిసింది, ఇంట్లో ఉన్న ఒక్క గదిలో అందరూ ఉంటారని అతను మెట్ల మీద కూర్చుని మాట్లాడేవాడట. నేను ముందే అడిగి ఉంటే వీడియో సంగతి వదిలేసి మామూలు ఫోన్ కాల్ చేసుకునేవాళ్లం. అడగలేదు. మీరు అడిగారా?

ఇక మీ ముందున్న దారులు.

కోఆర్డినేటర్ చెప్పినట్టు వదిలేయడం ఒకటి. అది నేరమేమీ కాదు. ఇది మీ సెలవురోజు మీరు ఇష్టపడి ఇస్తున్న సమయం. మనసు విరిగిపోయి లాక్కొస్తే ఇద్దరికీ మేలు జరగదు. కాకపోతే ఎలా వదిలేస్తారన్నది ముఖ్యం. అమెరికాలో పిల్లలకు పెద్దవాళ్లను మెంటర్లుగా జతచేసే కార్యక్రమం మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది, ఆపైన సాగిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మొదటి మూడు నెలల్లోనే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ముందుకన్నా తగ్గింది. మీ అమ్మాయి చిన్నపిల్ల కాదు, మీది మూడు నెలల పరిచయమూ కాదు కాబట్టి ఆ ఫలితాలను ఉన్నదున్నట్టుగా మీకు అంటించను. కానీ చివరి మాటగా “అబద్ధాలాడేవాళ్లతో నాకు పని లేదు” అన్నది మిగిలిపోతే అది ఆమెతో చాలాకాలం ఉంటుంది. వదిలేయదలచుకున్నా ఆ మాట వెనక్కి తీసుకుని, కొత్త మెంటర్‌ని మీరే పరిచయం చేసి వదలండి. కొత్తాయనకు ఆ గల్లా కథ తప్పకుండా చెప్పండి.

రెండో దారి మళ్లీ మొదలుపెట్టడం. నా మనసు ఇటే మొగ్గుతోంది. దానికి ఫోన్ చేయకండి. ఫోన్ మోగితే ఆమె అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. మెసేజ్ అయితే పదిసార్లు చదువుకుని, ధైర్యం వచ్చాక రాస్తుంది. ఇలాంటిదేదో రాయండి, మాటలు మీవే పెట్టుకోండి:

“ఆ రోజు నేను తొందరపడి మాట జారాను, అలా అనకుండా ఉండాల్సింది. ఇంకో తప్పు కూడా చేశాను. నీ షాపు పని రెజ్యూమెలోంచి తీసేయమన్నది నేనే. ఆ పని గురించి నువ్వు చెప్పిన సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. అది మళ్లీ రెజ్యూమెలో పెడదామని ఉంది. ఈ శనివారం ఎప్పటిలాగే పదకొండింటికి నేను ఖాళీగానే ఉంటాను. మాట్లాడాలనిపిస్తే మిస్డ్ కాల్ ఇవ్వు. ఈ వారం కుదరకపోతే పై వారమైనా పరవాలేదు.”

‘నీకోసం ఎంత చేశానో’ అన్న మాట ఎక్కడా రానివ్వకండి. సర్టిఫికెట్ ఊసు అందులో వద్దు. జవాబు రాకపోవచ్చు కూడా. రెండు వారాలు చూసి, తలుపు తెరిచే ఉందని ఇంకొక్క మెసేజ్ పెట్టి ఊరుకోండి. అంతకుమించి వెంటపడితే అది ఆమెకు ఇంకో బరువవుతుంది.

ఆమె మాట్లాడితే మాత్రం మొదటి గంట రెజ్యూమె ముట్టుకోకండి. ఇంట్లో పరిస్థితి అడగండి. ఇల్లు ఎలా గడుస్తోంది, ఇంకా ఎన్నాళ్లు ఆగగలరు, ఎవరైనా గడువు పెట్టారా? సర్టిఫికెట్ కొనుక్కుందామన్న ఆలోచన వెనక అలాంటి టెన్షన్ ఏదో ఉండే ఉంటుంది. నెలలోపు జీతం చేతికి రావాల్సిన ఇంట్లో ‘మంచి ఉద్యోగం దాకా ఆగు’ అన్న సలహాకు అర్థం లేదు. అప్పుడు ముందు దొరికిన పని ఏదో ఒకటి చేసుకుంటూ, సాయంత్రాలు అకౌంట్స్ ఉద్యోగం వెతుక్కునేలా ప్లాన్ మార్చాలి. మీ శనివారాల ప్లాన్‌లో ఆమె ఇంటి ఖర్చుల లెక్క ఇప్పటిదాకా రాలేదేమో అనిపించింది.

సర్టిఫికెట్ విషయానికి వస్తే, అక్కడ మీ అభిప్రాయం సరైనదే, కోపమే ఎక్కువైంది. నీతి చెప్పకుండా జరిగేది చెప్పండి. చాలా కంపెనీలు ఉద్యోగం ఇచ్చేముందో, చేరాకో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పాత కంపెనీకి ఫోన్ చేస్తారు, జీతం స్లిప్పులు అడుగుతారు, ఆ జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. కాగితం కొనుక్కోవచ్చు గానీ రెండేళ్ల జమలు ఎక్కడ తెస్తుంది? చేరిన మూడో నెలలో బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవాళ్లుండరు. డబ్బు లెక్కల ఉద్యోగంలో ఆ మచ్చ ఇంకా గట్టిగా అంటుకుంటుంది. ఇవన్నీ విన్నాక కూడా ఆమె పెట్టుకుంటానంటే అది ఆమె నిర్ణయం. మీరు ఊరంతా చాటనక్కర్లేదు. కానీ అలాంటి రెజ్యూమెకు నేను సాయపడలేను, ఎవరికీ సిఫారసు చేయలేను అని శాంతంగా చెప్పేయండి.

ఆమెకు నిజమైన కాగితమే దొరికే వీలుంది కదా. షాపు యజమానిని అడిగితే ఫలానా నుంచి ఫలానా దాకా క్యాష్ కౌంటర్‌లో పనిచేసిందని లెటర్ రాసివ్వొచ్చు. ఇవ్వకపోతే కనీసం ఫోన్ చేసి అడిగినవాళ్లకు ‘అవును, చేసింది’ అని చెప్పే ఒక సీనియర్ ఉంటారు. వెళ్లి అడగడానికి ఆమెకు మొహమాటం ఉంటుంది. ఏమని అడగాలో మీరిద్దరూ ముందు అనుకోండి, వెళ్లడం మాత్రం ఆమే వెళ్లాలి.

రెజ్యూమె ఈసారి ఆమెనే రాయనివ్వండి. వంకరగా రాసినా సరే. మీరు ప్రశ్నలు వేయండి: రోజుకు సుమారు ఎన్ని బిల్లులు చేసేదానివి, కార్డు చెల్లింపులూ నగదూ వేరువేరుగా ఎలా చూసేదానివి, తేడా వస్తే ముందు ఎక్కడ వెతికేదానివి? ఆ జవాబులే రెజ్యూమెలో మూడు లైన్లవుతాయి: రోజువారీ నగదు, కార్డు వసూళ్లను బిల్లులతో సరిచూసి లెక్క ముగించడం, తిరిగి వచ్చిన సరుకు నమోదు, తేడాల మూలం కనుక్కుని సరిచేయడం. ఇంటర్వ్యూలో ‘రెండేళ్లు ఏం చేశావు’ అంటే ఆ చొక్కా బిల్లు సంగతి చెప్పాలి. ఆ రాత్రి ఏం జరిగింది, తన బాధ్యత ఏంటి, తను ఏం చేసింది, చివరికి ఏం తేలింది, ఇదే వరసలో, ఒకటిన్నర నిమిషంలో. మీరు రాసిచ్చిన జవాబు బట్టీపట్టి చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టేస్తారు, మీరే ఎంతమందిని పట్టేసి ఉంటారో. తన కథ తను చెబుతుంటే తడబాటు దానంతటదే తగ్గుతుంది.

ఇక రెఫరల్. మీరు స్వార్థపరులని నేననుకోను. భయపడ్డారు. ఆ భయంలో న్యాయం ఉంది, పదిహేనేళ్లు పోగేసుకున్న మాట విలువను ఎవరి కోసమో పణం పెట్టడం చిన్న విషయం కాదు. అయితే మెంటర్‌గా మీరు ఇవ్వగలిగినవాటిలో రెజ్యూమె కన్నా విలువైనది మీ ఫోన్‌లో ఉన్న పేర్ల జాబితా. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి, ఎవరి ద్వారా ఆ ఉద్యోగం తెలిసిందని అడిగి, 1973లో ఆ వివరాలు ప్రచురించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ సాయం చేసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 56 శాతం, ఎప్పుడో అరుదుగా కలిసేవాళ్లు 28 శాతం. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు తెచ్చేది దూరపు పరిచయాలే. ఆ అమ్మాయి దగ్గరివాళ్లంతా ఆమెలాంటి ఇబ్బందుల్లోనే ఉన్నవాళ్లు. ఆఫీసుల్లో ఆమెకున్న దూరపు పరిచయం బహుశా మీరొక్కరే.

రెజ్యూమె ఎంత చెక్కినా చాలని సందర్భాలూ ఉంటాయి. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు, 2004లో ఫలితాలు ప్రచురించారు. తెల్లవాళ్లవిగా అనిపించే పేర్లకు నల్లవాళ్లవిగా అనిపించే పేర్ల కన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. రెజ్యూమె నాణ్యత పెంచితే కలిగే లాభం కూడా నల్లవాళ్ల పేర్లకు తక్కువగానే ఉంది. అందుకే ఆరు ఇంటర్వ్యూలు పోవడాన్ని ఆమె తెలివికో, మీ బోధనకో కొలతగా తీసుకోకండి. ఇలాంటి పిల్లలకు ‘ఈ మనిషి నాకు తెలుసు, ఒకసారి మాట్లాడి చూడండి’ అనే గొంతు ఒకటి కావాలి.

మీ విభాగంలోని ఖాళీకే ఆమెను పంపాలంటే కొన్ని జాగ్రత్తలు కావాలి. ఏడు నెలలుగా మెంటర్‌గా ఉన్నానని మీ పై అధికారికి ముందే చెప్పండి, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో మీరు కూర్చోకండి. ఉద్యోగం వస్తే ఆమెకు మీరు మేడమ్ కాదు, బాస్ అవుతారు. ఆమె పొరపాటు చేస్తే మందలించాల్సింది మీరే. ఆ రోజు ‘నేనే తెచ్చాను’ అన్న మాట మీ ఇద్దరి మధ్య ఉంటుంది. రాకపోతే, ఏడోసారి కూడా పోయిందన్న దెబ్బ ఈసారి మీ ఆఫీసులోనే తగులుతుంది. ఇది బరువనిపిస్తే ఇంకో దారి ఉంది. మీతో ఇదివరకు పనిచేసి వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లలో ఇద్దరికి ఫోన్ చేయండి. ఉద్యోగం ఇమ్మని అడగకండి. ఆమెతో ఇరవై నిమిషాలు మాట్లాడి, కొత్తగా చేరినవాళ్లు మీ దగ్గర ఏ పని చేస్తారో చెప్పమనండి. మీ మాట పణం పెట్టినట్టూ ఉండదు, ఆమెకు పరిచయం ఒకటి నుంచి మూడవుతుంది. నాకైతే ముందు ఈ దారి, ఆమె ఆ మాటల్లో నిలదొక్కుకుంటే తర్వాత మీ విభాగం అనిపిస్తోంది. కాకపోతే గడువు నెలాఖరు కాబట్టి, రెండూ ఒకేసారి చేయాల్సి రావచ్చు. రెఫర్ చేయలేనని మీరు నిర్ణయించుకున్నా తప్పులేదు, ‘చూద్దాంలే’ అనకుండా కారణం చెప్పి కాదనండి. మూడు నెలలు ఆ ‘చూద్దాంలే’ మీద ఆశ పెట్టుకుని ఉంటుంది.

ఈ పని మీకు చేతనవుతుందా అని అడిగారు. షాపు రాత్రి గురించి ఆ పిల్ల చెప్పింది మీకే. ఆరు ఇంటర్వ్యూలలోనూ ఎవరికీ చెప్పలేదు. మెసేజ్ ఈ రాత్రే పెట్టేయండి. మీ అధికారి దగ్గరికి మాత్రం శనివారం దాటాక, ఆమెను అడిగాకే వెళ్లండి. ఆ ఉద్యోగం కావాలో వద్దో ముందు ఆమె చెప్పాలి.